ఫోన్ గుంజుకుంటే అయిపోతదా? గ్రూపుల సంగతి ఎవరు మాట్లాడాలె?

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

పిల్లలకు ఆన్‌లైన్ భద్రత అని హాస్టళ్లల్ల మీటింగ్ పెడితే చివరికి తేలే మాట ఒక్కటే. ఫోన్ పక్కన పెట్టండి, లేకుంటే మేమే తీసుకుంటం అంటరు. ఈ మాట మనల్ని కాపాడదని నా అభిప్రాయం. పైగా పిల్లల నోరు మూయిస్తది.

మన వరంగల్‌లో జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. డాక్టర్ ధరావత్ ప్రీతి అక్కది జనగామ జిల్లా కొడకండ్ల మండలం గిర్ని తండా. కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ మొదటి సంవత్సరం. 2023 ఫిబ్రవరి 22న ఎంజీఎంలో అపస్మారక స్థితిలో దొరికింది, 26న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయింది. సీనియర్ పీజీ విద్యార్థి ఒకరు ఆమెను వాట్సాప్ గ్రూపులో అవమానించాడని పోలీసులు చెప్పారు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, ర్యాగింగ్ నిషేధ చట్టం కింద అరెస్టు చేశారు. నాతో సమస్య ఉంటే హెచ్‌ఓడీకి చెప్పు, గ్రూపులో పెట్టకు అని ఆమె అడిగినట్టు కూడా అప్పుడే బయటికొచ్చింది. ఎవరు దోషి అన్నది కోర్టు తేల్చాలె, అది నా పని కాదు. ఒక ప్రాణం పోవడానికి ఒకటే కారణం ఉంటదని కూడా నేను అనను. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆమెకు 26 ఏళ్లు, డాక్టర్. నాయిన రైల్వే పోలీసుల్లో ఏఎస్ఐ. అడగడం తెలిసిన మనిషి, అడిగింది కూడా. మరి ఎనిమిదో తరగతి చదివే మన చెల్లె ఎవర్ని అడగాలె?

అప్పుడు చాలామంది "మెసేజ్‌లకే ఇంతనా" అన్నరు. గ్రూపు ఎట్ల పనిచేస్తదో తెలియని మాట అది. ఎదురుగా ఒకడు తిడితే అక్కడ ఉన్న నలుగురు వింటరు, రేపటికి మర్చిపోతరు. గ్రూపులో తిడితే క్లాసంతా చదువుతది, చదివినట్టు నీలం టిక్కులు పడతయ్. ఒక్కడు మాట్లాడడు, ఇద్దరు నవ్వే బొమ్మ పెడతరు. తిట్టు కంటే ఆ నలభై మంది మౌనమే ఎక్కువ గుచ్చుతది. ఇంటికి పోయినా, పండుకున్నా అది చేతిలనే ఉంటది. వార్డెన్ సారు రాత్రి వరండాల రౌండ్ కొడతడు గానీ గ్రూపుల కొట్టడు గదా.

మన ఇండ్లకు ఫోన్ ఎట్ల వచ్చిందో కూడా చూడాలె. మా ఊరు ఏటూరునాగారం వైపు. 2020 సెప్టెంబర్ 1న సర్కారు డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లో. టీవీ లేని ఇండ్లల్ల మిర్చి పైసలతోనో, అప్పు చేసో ఫోన్ కొన్నరు. అంటే ఫోన్ కొనుమన్నది చదువే. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఓటీపీ అందులనే, హాల్ టికెట్ అందులనే, అమ్మతో మాట్లాడేది అందులనే. పద్దెనిమిది నిండని పిల్లల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో చట్టం వచ్చింది. మంచిదే. కానీ మా ఇంట్ల ఆ అనుమతి నొక్కేది మా తమ్ముడే. అమ్మకు ఫోన్ నొక్కుడు నేర్పిందే వాడు.

ఇసొంటి పిల్లకు ఎవడో ఫొటో మార్చి పెట్టిండు అనుకోండి. ఇంట్ల చెప్తే ఏమైతది? ముందు ఫోన్ పోతది. తర్వాత "చదువు చాలు, సంబంధం చూద్దాం" అంటరు. తప్పు చేసినోడి ఫోన్ మాత్రం వాని జేబులనే ఉంటది. అందుకే పిల్లలు చెప్పరు. ఏడిపించేటోడికి కూడా ఈ సంగతి బాగా ఎరుకే, "మీ నాయినకు చెప్త" అని బెదిరించేది కూడా వాడే.

ఇగ ఇది రాస్తే కొందరికి కోపం వస్తది, అయినా రాస్త. బయటోళ్లు మన యాసను, మన తల్లుల బట్టలను మీమ్‌లు చేస్తే మనం లేస్తం, లేవాలె కూడా. కానీ మన గ్రూపుల్లో లంబాడ, ఆదివాసీ పంచాయితీ వచ్చినప్పుడు ఏం మాటలు పడుతున్నయ్? రిజర్వేషన్ మీద వాదన పెద్దోళ్లది, కోర్టులది. నేను కోయ పిలగాన్ని, నాకూ ఆ విషయంలో నా అభిప్రాయం ఉంది. కానీ ఆడపిల్లల మీద రాసే రాతలు వాదన ఎట్లయితయ్? పదో తరగతి పిల్లలు కూడా ఈ గ్రూపుల్లో ఉన్నరు, అన్నలు ఎట్ల రాస్తే అట్లనే నేర్చుకుంటరు. అడ్మిన్ అన్నలను నేను అడిగేది ఒక్కటే. ఇసొంటి పోస్టు వస్తే పొద్దున దాకా ఆగకండి, అప్పుడే తీసేయండి, తీసే ముందు స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

చట్టం మన దిక్కే ఉంది, మనకే తెల్వదు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ చట్టంలో కొట్టుడే కాదు, అవమానించుడు, భయపెట్టుడు కూడా ర్యాగింగే. సీనియర్లు నడిపే వాట్సాప్ గ్రూపుల్లో వేధించినా ర్యాగింగ్ కిందికే వస్తదని 2025లో యూజీసీ కాలేజీలకు చెప్పింది. ఎస్టీలను ఆన్‌లైన్‌లో అవమానించినా అట్రాసిటీ చట్టం వర్తిస్తదని 2022లో కేరళ హైకోర్టు అన్నది. ఆ కేసులో దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలె. కాబట్టి స్టేషన్‌లో "ఫోన్ల గొడవలు మాకెందుకు" అని పంపిస్తే వాపస్ రాకండి.

ఎవరికైనా ఇట్ల అయితుంటే కోపంల చాట్ డిలీట్ చేయొద్దు. పేరు, నంబరు, తేదీ కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి, నమ్మకమైన ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపాలె. పద్దెనిమిది లోపు పిల్లలకు 1098. కాలేజీలో ర్యాగింగ్ అయితే 1800-180-5522. సైబర్ నేరాలకు 1930. మనసు బాగలేకున్నా, బతుకొద్దు అనిపించినా 14416 టెలి మానస్, తెలుగులో మాట్లాడతరు, పైసలు పడవు.

ఆశ్రమ పాఠశాలల్లో చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్ల దగ్గర ఈ పోస్టు చదవనీకి ఫోన్ ఉండదు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఎవరి ఊరి హాస్టల్‌కు వాళ్లు పోయి, హెడ్మాస్టర్ సారును అడిగి, ఈ నంబర్లు గోడ మీద పెయింట్‌తో రాయిద్దాం. మా దగ్గర రెండు హాస్టళ్లు నేను చూసుకుంట. మిగతా మండలాలకు ఎవరు పోతరో కింద రాయండి.