కట్ట విప్పితే లెక్క తేలుతుంది

"మా వాడు అయిదో తరగతికి వచ్చాడు గాని తీసివేతలు రావు మేష్టారూ. ఎంత చెప్పినా తప్పే. ఇక బడి మాన్పించి మేకల వెంట పంపుదామని వాళ్ల నాన్న అంటున్నాడు." మేము సాయంకాలం పిల్లలకు చదువు చెప్పే చోటికి వచ్చి ఒక తల్లి కంటనీరు పెట్టుకొని అన్న మాటలివి. ఇలాంటి మాటలు చాలా ఇళ్లలో వినబడుతూనే ఉంటాయి. గనుక ఈ నెల తీసివేతల గురించి మాట్లాడుకుందాం.

ఈ ఇబ్బంది ఆ ఒక్క పిల్లవానిది కాదు. 2024లో మన దేశపు పల్లెలలో జరిగిన 'అసర్' సర్వేలో, మూడో తరగతి పిల్లలలో రెండంకెల తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం మాత్రమే. అనగా ముగ్గురిలో ఇద్దరికి రాదన్నమాట. ఆ లోటు అలాగే ఉండగా పై తరగతికి వెళ్లేవారు ఎందరో.

ఆ పిల్లవానిని దగ్గర కూర్చోబెట్టుకొని పలక మీద మూడు లెక్కలు ఇచ్చాము. 52 నుండి 27 తీయమంటే 35 వేశాడు. 81 నుండి 46 తీయమంటే 45 వేశాడు. 63 నుండి 38 తీయమంటే 35 వేశాడు. మూడూ తప్పే. అయితే మేము తప్పు అనలేదు. "ఎలా చేశావు నాయనా?" అని అడిగాము.

"ఏడులోంచి రెండు పోతే అయిదు. అయిదులోంచి రెండు పోతే మూడు" అన్నాడు.

"రెండు పైన ఉంది, ఏడు కింద ఉంది కదా?"

"చిన్నదాంట్లోంచి పెద్దది పోదన్నారు. అందుకని పెద్దదాంట్లోంచి చిన్నది తీశాను."

చూశారా! వాడు అజాగ్రత్తగా చేయలేదు. ఒకటో తరగతిలో విన్న మాటను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. మూడు లెక్కలలోనూ చేసిన తప్పు ఒక్కటే. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేతలను పరిశీలించి ఇదే సంగతి వెల్లడి చేశారు. పిల్లలు చేసే తప్పులలో చాలా భాగం తోచినట్లు చేసినవి కావు, ఒక తప్పు పద్ధతిని క్రమం తప్పకుండా అనుసరించడం వల్ల వచ్చినవని చెప్పారు. గనుక జవాబును కొట్టివేయడం కంటే "ఎలా చేశావు?" అని అడగడం ముఖ్యం. ఆ ఒక్క ప్రశ్న వెయ్యి దెబ్బలు చేయలేని పని చేస్తుంది. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం కూడా నిషేధించింది.

ఆ తరువాత ఈనెల చీపురులో నుండి కొన్ని పుల్లలు తీసి చిన్న ముక్కలుగా విరిచాము. పది పుల్లలకు ఒక కట్ట చొప్పున దారంతో కట్టించాము. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇది 52. "ఇందులో నుండి 27 ఇవ్వు" అన్నాము. రెండు కట్టలు వెంటనే ఇచ్చాడు. ఏడు పుల్లలు ఇవ్వాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు అటూ ఇటూ చూశాడు. తరువాత తానే ఒక కట్ట దారం విప్పాడు. పన్నెండు పుల్లలయ్యాయి. ఏడు ఇస్తే అయిదు మిగిలాయి. కట్టలు రెండు మిగిలాయి. "ఇరవై అయిదు!" అన్నాడు. అప్పుడు అదే పనిని పలక మీద వ్రాయించాము. పుల్లలు ఒక రోజు, అంకెలు మరొక రోజు అని విడదీయకూడదు. చేతితో చేసిన ప్రతి పనినీ ఆ వెంటనే బలపంతో వ్రాయించాలి.

ఆ సమయంలోనే వాడొక మాట అడిగాడు. "బడిలో పక్క అంకె దగ్గర అప్పు తెమ్మంటారు. మా నాన్న అప్పు తెస్తే వడ్డీతో కట్టాలి. మరి ఇక్కడ తిరిగి ఇవ్వరేం?" మేము నవ్వాము గాని ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నిజానికి ఇక్కడ ఎవరూ అప్పు తేవడం లేదు. ఉన్న సొమ్మునే చిల్లర మారుస్తున్నాము. పది రూపాయల నోటు ఇచ్చి పది రూపాయి బిళ్లలు తెచ్చుకుంటే మన సొమ్ము పెరగదు, తరగదు. అందుచేత మేము "అప్పు తే" అనడం మాని "కట్ట విప్పు", "చిల్లర మార్చు" అంటున్నాము. మాట మారితే అర్థం కూడా తేటపడింది.

అసలైన గండం సున్న దగ్గర ఉంది. 304 నుండి 178 తీయాలి. పక్కన పదుల స్థానంలో ఏమీ లేదు. ఇక్కడ నాలుగు, అయిదు తరగతుల పిల్లలు చాలామంది తడబడతారు. పాత పెళ్లి కార్డులు కత్తిరించి వందలు, పదులు, ఒకట్లు అని నోట్లు చేయండి. మూడు వందలు, నాలుగు ఒకట్లు చేతికివ్వండి. ఒక వందను మార్చితే పది పదులు వస్తాయి. అందులో ఒక పదిని మార్చితే ఒకట్లు పద్నాలుగు అవుతాయి. ఇప్పుడు చేతిలో ఉన్నవి రెండు వందలు, తొమ్మిది పదులు, పద్నాలుగు ఒకట్లు. సున్న తొమ్మిదిగా ఎందుకు మారిందో పిల్లవాడు కళ్లారా చూస్తాడు. జవాబు 126.

ఇంట్లో తాతగారికో నాయనమ్మగారికో వేరే పద్ధతి వచ్చి ఉండవచ్చు. పై అంకెకు పది కలిపి, కింద పక్క అంకెకు ఒకటి కలిపే పద్ధతి కూడా సరైనదే. అయితే రెంటినీ ఒకేసారి నేర్పితే పిల్లవాడు కలగాపులగం చేస్తాడు. ఒకటి గట్టిపడ్డాక రెండవది చూపించండి.

ఇక తల్లుల మాట. "నేను చదువుకోలేదు, వాడికేం చెప్పగలను?" అంది ఆ తల్లి. ఆమె సంతలో కోడిగుడ్లు అమ్ముతుంది. "186 రూపాయల సరుకుకు 500 నోటు ఇస్తే చిల్లర ఎలా ఇస్తావమ్మా?" అని అడిగాము. ఆమె తడుముకోకుండా చెప్పింది: "186కి నాలుగు వేస్తే 190, పది వేస్తే 200, మూడు వందలు వేస్తే 500. మొత్తం 314." ఇదీ తీసివేతే! చదువుకోలేదన్న ఆ తల్లి కూడికతో తీసివేత చేస్తున్నది. కొడుకు నోరు తెరచి చూశాడు.

2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు ప్రచురించిన పరిశోధన ఇలాంటిదే. కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేసే పిల్లలు బేరాల లెక్కలు నోటితో చక్కగా చేశారు గాని బడి లెక్కల దగ్గర తడబడ్డారు. బడి పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. అనగా సంతకూ బడికీ మధ్య వంతెన లేదు. ఆ వంతెన కట్టవలసినది మన ఇంట్లోనే.

అభ్యాసం విషయంలో కొన్ని సూచనలు:

రోజుకు అయిదు లెక్కలు చాలు. ఒక్కసారే యాభై ఇస్తే తప్పు పద్ధతే గట్టిపడుతుంది. కట్ట విప్పవలసినవి, అవసరం లేనివి కలిపి ఇవ్వండి.

లెక్క మొదలు పెట్టకముందే "ఇంచుమించు ఎంత?" అని అడగండి. 50లో 30 పోతే 20 అని తెలిసినవాడు 35 వేయగానే తానే అనుమానిస్తాడు.

జవాబును తీసివేసిన సంఖ్యతో కూడించండి. 25, 27 కలిపితే 52 రావాలి.

"ఎక్కువ" అన్న మాట వినగానే పిల్లలు కూడేస్తారు. "నీ దగ్గర 45 గోళీలు, తమ్ముడి దగ్గర 28. నీ దగ్గర ఎన్ని ఎక్కువ?" వంటివి నోటితో అడుగుతూ ఉండండి. తేడా కనుక్కోవడం కూడా తీసివేతే.

ఆ పిల్లవాడు ఇప్పుడు రెండంకెల లెక్కలు సరిగా చేస్తున్నాడు. సున్నలు రెండు వస్తే ఇంకా ఆగిపోతాడు. అయితే పలక దాచిపెట్టడం మానేశాడు, ఎక్కడ చిక్కుపడ్డాడో చెప్పగలుగుతున్నాడు. ఇంట్లో మేకల మాట ప్రస్తుతానికి వినబడడం లేదని తల్లి చెప్పింది.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి: 1000 నుండి 468 తీయాలి. ఒకసారి పలక మీద, ఒకసారి అమ్మ చిల్లర ఇచ్చినట్లు నోటితో చేయమనండి. రెండు జవాబులూ ఒకటే అయితే లెక్క సరిగా వచ్చిందని వారే తెలుసుకుంటారు. ఒకటి కాకపోతే కోప్పడకండి. "ఎలా చేశావు నాయనా?" అని అడగండి.