నౌకాబలము - నీటికొఱత

కొనకనమిట్ల ప్రాంతమున వేసవిలో మంచినీటి ట్యాంకరుకై బిందెతో నిలిచిన యిల్లాలు, కోట్ల రూపాయల యుద్ధనౌకలు మనకేల యని ప్రశ్నించినచో మేమామెను పరిహసింపజాలము. ఈ పశ్చిమ ప్రాంతపు బోరునీటిలోని ఫ్లోరైడు పండ్లను, ఎముకలను పాడుచేయుట అందఱెఱిగినదే.

అయినను నౌకాబలము వలదనుట మా మతము కాదు. 1611లో మచిలీపట్టణమున వర్తకులై దిగిన ఇంగ్లీషువారు తుదకు ప్రభువులైరి. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు చెంతకు వచ్చియే మునిగెను. దాదాపు వేయి కిలోమీటర్ల తీరము గల ఆంధ్రులకు సముద్రరక్షణ పరుల పని కాదు.

మఱి లోపమెక్కడ? కొచ్చిలో విక్రాంత్ నౌకకు 2009లో అడుగుదూలము వేసిరి. నడుమ కేంద్ర ప్రభుత్వము మాఱినను పని సాగెను. సుమారు 20,000 కోట్ల రూపాయల వ్యయముతో, 2022 సెప్టెంబరు 2వ తేదీన అది దళమున చేరెను. పదుమూడేండ్లు పట్టినది.

ఇఁక వెలిగొండ సంగతి. శ్రీశైలము జలాశయమునుండి 43.5 టి.ఎం.సి.ల కృష్ణ వరదనీటిని రెండు సొరంగముల గుండ నల్లమలసాగరమునకు తెచ్చి, సుమారు నాలుగున్నర లక్షల యెకరములకు సాగునీరును, పదునైదు లక్షల జనులకు త్రాగునీరును ఇచ్చుట దాని యుద్దేశము. 1996లో శంకుస్థాపన జరిగెను. సొరంగముల ప్రారంభోత్సవము 2024 మార్చిలో జరిగెను. నడుమ ఇరువదియెనిమిదేండ్లు గడచినవి! ఉత్సవము నాటికిని నిర్వాసితుల పునరావాసము ముగియలేదు.

నౌక కేంద్రమువారిది, సొరంగము రాష్ట్రమువారిది యని కొందఱందురు. నిజమే; కాని రెంటికిని పన్ను చెల్లించు రైతు ఒక్కడే. ఒక నౌకను తగ్గించినంతమాత్రమున ఆ సొమ్ము కొండ దాటి మన చేలకు రాదు. వెలిగొండను ఆపినది నౌక కాదు. ఏటేట మాఱిన కేటాయింపులు, నెఱవేఱని వాగ్దానములు.

కావున మేము కోరునది నౌకాదళమునకు కోత కాదు. నౌక విషయమున పాటించిన నియమమునే నీటి విషయమునను పాటింపుడు. పని మొదలిడునపుడే దాని తుదివఱకు వలయు ధనమును నిర్ణయింపుడు. ప్రభుత్వము మాఱినను ఆ వాయిదాను తాకకుడు. నిర్వాసితుని పరిహారమును మొదటి ఖర్చుగా వ్రాయుడు. ఖర్చెంత, పని యెంతయను లెక్కను ఏటేట శాసనసభ ముందుంచుడు.

ఓటడుగ వచ్చువారిని మన పౌరులు ఈ లెక్కయే యడుగవలెను. ఎల్లలు కాచు దేశము ఇంటి దప్పికయు తీర్పవలెను.