అమ్మ మీద ఫోకస్ పెట్టేదెవరు?

పాత ఫిల్ము కెమెరాలు మన ఇళ్ళల్లో మూడు చోట్ల కనిపిస్తాయి. షోకేసులో బొమ్మల పక్కన, అటక మీద అట్టపెట్టెలో, లేదంటే పాతసామాన్లవాడి బండిలో. ఫిల్ము వేసే కాలం పోయింది, ఇంక దాన్ని ఉంచుకుని ఏం లాభం అంటారు ఇంట్లోవాళ్ళు. కెమెరా మాట సరే. దాని ముందు బిగించి ఉన్న లెన్స్ మాట వేరు. కెమెరా పాడైనా లెన్స్ చాలాసార్లు బాగానే ఉంటుంది. దాన్ని ఇప్పటి డిజిటల్ కెమెరాకు తగిలించి చక్కగా ఫోటోలు తీయొచ్చు. తీయాలనే నా అభిప్రాయం. అందులోనూ ఇంట్లో ఆడవాళ్ళం తీయాలి. ఎందుకో చెప్తాను.

నా పుట్టినిల్లు ఆళ్ళగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. మధ్య గంట ప్రయాణం. మా నాయన దగ్గర జెనిట్ అనే రష్యా కెమెరా ఒకటి ఉండేది. షట్టరు పడటం మానేసి చాలా ఏళ్ళయింది. దాని ముందున్న లెన్స్ పేరు హీలియోస్ 44-2. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ వాళ్ళు జర్మనీ జైస్ కంపెనీ బయోటార్ లెన్సును చూసుకుని మొదలుపెట్టిన రకం ఇది. లక్షల్లో తయారయ్యింది కాబట్టి ప్రపంచమంతా చవగ్గా దొరుకుతుంది. మా వాడు సెకండ్ హ్యాండులో కొనుక్కున్న మిర్రర్‌లెస్ కెమెరాకు ఇప్పుడు అదే తగిలించి వాడుతున్నాను.

ఎప్పటి లెన్సు, ఎప్పటి కెమెరా, ఎలా కలుస్తాయి అని అడుగుతారేమో. పాత ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం ఉంటుంది. ఆ అద్దం పైకీ కిందికీ ఆడటానికి చోటు కావాలి గనక లెన్సును ఫిల్ముకు దూరంగా కూర్చోబెట్టారు. హీలియోస్ లాంటి, 42 మిల్లీమీటర్ల మరతో బిగించే లెన్సులకు ఆ దూరం సుమారు 45 మిల్లీమీటర్లు. మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ అద్దమే లేదు. సోనీ వాళ్ళ కెమెరాలో అయితే ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన 27 మిల్లీమీటర్ల చిల్లరను పూడ్చడానికి అడాప్టర్ అనే ఒక లోహపు రింగు చాలు. అందులో గాజు లేదు, కరెంటు లేదు. ఒక జాకెట్టుకు మగ్గం వర్కు చేయించే ఖర్చులో సగం కూడా కాదు.

ఇక ఇందులో ఫోకస్ మనమే పెట్టాలి. లెన్స్ చుట్టూ ఉన్న రింగును చేత్తో తిప్పాలి. నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది.

ఇప్పటి ఫోన్లు, కెమెరాలు ముఖాలను వెతికి పట్టుకుంటాయి. మనం ఏమీ చెప్పకపోతే దగ్గరగా, పెద్దగా కనిపించే ముఖం వైపే మొగ్గుతాయి. మన ఇళ్ళల్లో దగ్గరగా ఉండేదెవరు? కేకు ముందు పిల్లలు, సోఫాలో మగవాళ్ళు, ఊరినుంచి వచ్చిన చుట్టాలు. వెనకాల వంటింటి గుమ్మంలో చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ నిలబడిన మనిషి సగం మసకలో ఉండిపోతుంది. కెమెరాకు ఆమె మీద పగేమీ లేదు. మనం అటు చూడమని చెప్పలేదంతే.

దీని బరువు మనిషి పోయాక తెలుస్తుంది. మా అవ్వ పోయినప్పుడు దినాలకు ఫోటో పెట్టాలని ఇల్లంతా వెతికితే, ఆమె ఒక్కతే నేరుగా చూస్తున్న ఫోటో రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. పెళ్ళి ఆల్బముల్లో ఉంది, వరసలో చివర, ఎవరి భుజం వెనకో. నలుగురు పిల్లల్ని కని పెంచిన మనిషి ముఖాన్ని ఒక ప్రభుత్వ కార్డు మీంచి గీకి తీసి పెద్దది చేయించుకున్నాం. ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. మీ ఇంట్లో గోడ మీదున్న పెద్దావిడ ఫోటో ఎక్కడినుంచి తీసిందో ఒకసారి అడిగి చూడండి.

మొన్న సంక్రాంతికి ఆళ్ళగడ్డ పోయినప్పుడు పిల్లలంతా వరండాలో చెరుకు ముక్కలు నములుతున్నారు. వాళ్ళ వెనక గుమ్మంలో అమ్మ కూర్చుని అరిసెల పాకం గిన్నె తోముతోంది. రింగును పిల్లల మీదినుంచి మెల్లగా అమ్మ దాకా తిప్పాను. ముఖం తేటపడి, నుదుటి మీద చెమట కూడా కనిపించాక నొక్కాను. అమ్మ స్పష్టంగా వచ్చింది, ముందున్న పిల్లలు మసకగా వచ్చారు. మా తమ్ముడు చూసి, "ఏమక్కా, పిల్లోళ్ళు మసగ్గా పడినారే, తీసెయ్ దీన్ని" అన్నాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అడుగు మాడిన గిన్నె గూడా పడిందే" అని నవ్వింది. మరదలు మాత్రం వెళ్ళేటప్పుడు దగ్గరికొచ్చి, "మా అమ్మది గూడా ఇట్ల ఒకటి తీస్తావా వదినా" అని అడిగింది. ఆ ఫోటో తీసెయ్యలేదు. నంద్యాలలో ప్రింటు వేయించాను.

ఫోను తెర మీద వేలు పెడితే అక్కడికే ఫోకస్ వెళ్తుంది కదా, దీనికి పాత లెన్స్ ఎందుకు అని మీరనొచ్చు. నిజమే, వెళ్తుంది. కానీ పెడుతున్నామా? చేత్తో చేయకపోయినా పని జరిగిపోతుంటే ఎవరూ ఆగి ఆలోచించరు. ఈ లెన్స్ ఆగకుండా పని జరగనివ్వదు. ప్రతి ఫోటోకూ ముందు, ఇందులో ఎవరు ముఖ్యం అని నన్ను అడుగుతుంది. అమ్మాయిని చూడ్డానికి వచ్చినవాళ్ళా, అమ్మాయా? నోములో పళ్ళెమా, అది పట్టుకున్న చేతులా?

ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర ఈ సంగతి చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగాను. రాయి కోయడానికి, నునుపు చేయడానికి మిషన్లు వచ్చాయి. వాటిని ఎవరూ తప్పు పట్టరు. ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉలి చేతిలోకి తీసుకుంటారు. నేను చెప్పేదీ అంతే. రోజూ తీసే వంద ఫోటోలు ఫోనుతోనే తీసుకుందాం. ఇంటి మనుషుల ముఖాలు కొన్ని మాత్రం చేత్తో తీద్దాం.

కెమెరా ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే ఎవరు కనిపిస్తారన్నది ఉంటుంది. మన హైదరాబాదులో ఈ మాట నూట ముప్పై ఏళ్ళ కిందటే తెలిసింది. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ జనానా స్టూడియో పెట్టారు. ఘోషాలో ఉండే స్త్రీలు మగవాళ్ళ ముందుకు వచ్చి ఫోటో తీయించుకోరు కనక, కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ స్త్రీకి దాని బాధ్యత అప్పగించారు. ఇప్పుడు మనకు ఘోషా లేదు. అయినా ఫంక్షన్లలో కెమెరా పట్టుకునేది చాలావరకు మగవాళ్ళే, పట్టుకోమని వడ్డించేది మనమే. పెద్ద కెమెరా అంటే మనకు రాని విద్య అన్న భయం ఒకటి. నిజానికి పాత లెన్సులో నేర్చుకోవాల్సింది రెండు రింగులు: ఒకటి వెలుతురుకు, ఒకటి దూరానికి. కుట్టుమిషన్ మీద దారం బిగువు సరిచేసుకునే చేతికి ఇదొక లెక్కా?

మొదలుపెట్టేవాళ్ళకు నాలుగు మాటలు. పాత లెన్స్ ఉన్నట్టు కొత్త కెమెరాకు తెలియదు. అందుకని మెనూలో లెన్స్ లేకపోయినా షట్టరు పడే సెట్టింగు ఆన్ చేయాలి. మోడ్ డయల్ 'ఎ' మీద ఉంచితే, సోనీలో, నికాన్‌లో షట్టరు వేగం అదే చూసుకుంటుంది. కానన్‌లో దాన్నే 'ఎవి' అంటారు. ఫోకస్ పీకింగ్ అనే సదుపాయం పెట్టుకుంటే స్పష్టంగా ఉన్న అంచులు తెర మీద రంగులో మెరుస్తాయి. కంటి దగ్గర తెరను పెద్దది చేసుకుని చూస్తే ఇంకా నమ్మకం.

హీలియోస్ లెన్సుతో ఆరేడు అడుగుల దూరంలో నిలబడితే మనిషి తల నుంచి నడుము దాకా వస్తుంది. ఎఫ్ 2 దగ్గర పెడితే స్పష్టంగా ఉండే లోతు నాలుగంగుళాలే. మనిషి కొంచెం ముందుకు వంగినా ముఖం మసకబారుతుంది. ఎఫ్ 8 దగ్గర అది అడుగు దాటుతుంది. పరుగెత్తే పిల్లలకు నేను చేసేది, ఎఫ్ 8 పెట్టి, పదడుగుల దూరానికి రింగు తిప్పి ఉంచడం. అక్కడ సుమారు మూడడుగుల మేర అంతా తేటగా ఉంటుంది. వాళ్ళు ఆ హద్దులోకి రాగానే నొక్కడమే. ఎదురెండలో పాత లెన్స్ తెల్లగా పాలిపోతుంది. అప్పుడు కొంగు అడ్డం పెట్టండి. మహానంది దారిలో అరటితోటల మధ్య ఎఫ్ 2 మీద ఒక మనిషిని నిలబెట్టి తీసి చూడండి, వెనకనున్న ఆకుల వెలుగు సుడి తిరిగినట్టు వస్తుంది. ఆ సుడి కోసమే చాలామంది ఈ లెన్స్ వెతుక్కుంటారు.

అటక మీద దొరికిన ప్రతి కెమెరా దీనికి పనికిరాదు. హాట్‌షాట్, యాషికా ఎంఎఫ్-2 లాంటివాటిలో లెన్స్ ఊడి రాదు. ఊడి వచ్చేదైతే ఒక వైపునుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లా ఉంటే బూజు పట్టిందని అర్థం. దాన్ని మిగతావాటితో కలపకుండా విడిగా పెట్టాలి. రింగు బిగుసుకుపోతే కుట్టుమిషన్ నూనె వేయకండి, లోపలి రేకుల మీదికి పాకి లెన్స్ పాడవుతుంది. తోలు కేసులో చెమ్మ చేరుతుంది, అందులోంచి తీసేయండి. చీరల మధ్య కలరా ఉండల పక్కన అసలు పెట్టకండి. ఇంట్లో ఉన్నది అద్దం ఉండే నికాన్ డీఎస్ఎల్ఆర్ అయితే మర లెన్సులు దానికి అంతగా నప్పవు, దూరపు ఫోకస్ అందదు. నికాన్ పాత లెన్సులే దానికి సరిపోతాయి. కాకపోతే 1977కు ముందువి కొన్ని కెమెరాలకు దెబ్బ తగిలించొచ్చు, తెలిసినవాళ్ళను అడిగే తగిలించండి.

దీంతో అన్నీ కుదురుతాయని నేను చెప్పను. తాళి కట్టే క్షణానికి ఇది పనికిరాదు, ఆ ఒక్క క్షణం రింగు తిప్పుతూ కూర్చుంటే పోతుంది. అక్కడ ఆటోఫోకసే మేలు. పది తీస్తే నాలుగు మసకగానే వస్తాయి. తీరిక లేని మనిషికి ఇంకో పని అనిపించొచ్చు కూడా. అయితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పరుగెత్తరు. పూలు కడుతూ, చాటలో బియ్యం చెరుగుతూ, మధ్యాహ్నం గడప మీద కూర్చుని ఉంటారు. వాళ్ళకు ఈ నిదానం సరిగ్గా సరిపోతుంది. రింగు తిప్పుతున్నంతసేపూ వాళ్ళతో మాట్లాడొచ్చు. కెమెరా చూసి బిగుసుకున్న ముఖం ఆ మాటల్లో మామూలవుతుంది.

ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు పాత కెమెరా ఎక్కడుందో అడగండి. పాతసామాన్లవాడికి వేయకముందే అడగండి. దొరక్కపోతే చేతిలో ఉన్న ఫోనుతోనే సరే, గుమ్మంలో ఉన్న మనిషి మీద వేలు పెట్టి ఒకటి తీయండి. తీసింది ఫోనులో వదిలేయకుండా ప్రింటు వేయించి ఆమె చేతికివ్వండి. తర్వాత కెమెరా ఆమెకే ఇచ్చి, మిమ్మల్ని ఒకటి తీయమనండి. మీ పిల్లలు కూడా ఒకరోజు మీ ఫోటో కోసం వెతుకుతారు.