వంశవృక్షంలో వ్రాయని మాట

అమెరికాలో క్రొత్త వైద్యుని వద్దకు వెళ్ళే ప్రతివారి చేతికీ ముందుగా ఒక పత్రం అందుతుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్తలు, మేనమామలు, వీరిలో ఎవరికైనా కేన్సరు వచ్చిందా, వస్తే ఏ అవయవానికి, ఏ వయసులో అని అది ప్రశ్నిస్తుంది. తెలుగువారిలో అనేకులు ఆ గడిలో "లేదు" అని గుర్తు పెట్టి ముందుకు సాగుతారు. అది తెలిసి ఆడిన అబద్ధం కాదు. నాయనమ్మ కడుపులో గడ్డతో పోయిందనీ, పెద్దమ్మ మంచం పట్టి పోయిందనీ మాత్రమే వారు విన్నారు. రాచపుండు, పుట్టకురుపు అన్న మాటలను పెద్దలు పిల్లల ఎదుట ఉచ్చరించేవారే కారు. అందుచేత ఆ పత్రంలో నిజానికి వ్రాయవలసినది "లేదు" కాదు, "తెలియదు".

ఈ మౌనానికి కారణాలు లేకపోలేదు. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు అడ్డు వస్తుందన్న భయం మొదటిది. జబ్బు పేరు చెబితే రోగి బెంగతోనే కృంగిపోతాడన్న జాలి రెండవది. పూర్వజన్మ కర్మఫలమని లోకం అనుకుంటుందన్న సిగ్గు మూడవది. చికిత్సకు దారి లేని రోజులలో ఆ మౌనం ఒక విధమైన దయే కావచ్చు. కాని వ్యాధిని ముందుగా పసిగట్టడానికీ, కొన్ని సందర్భాలలో రాకుండానే నివారించడానికీ సాధనాలు చేతికి వచ్చిన ఈ కాలంలో, అదే మౌనం పిల్లల పాలిట అపకారంగా మారింది.

కుటుంబ చరిత్ర ఎంత విలువైనదో అమెరికా వైద్య చరిత్రలోని ఒక ఉదంతం చాటుతుంది. 1895లో ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయపు పాథాలజీ వైద్యుడు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, కుట్టుపని చేసుకుని జీవించే ఒక స్త్రీ తన మనసులోని దిగులు చెప్పుకుంది. తనవాళ్ళలో ఎందరో కేన్సరుతోనే పోయారనీ, తానూ అలాగే చిన్న వయసులో పోతాననీ ఆమె నమ్మకం. వార్తిన్ దానిని చాదస్తమని త్రోసిపుచ్చలేదు. జర్మనీ నుంచి వలస వచ్చిన ఆ కుటుంబపు వంశవృక్షాన్ని తరం వెంట తరంగా వ్రాసి 1913లో ప్రకటించాడు. ఆమె భయపడినట్లే చిన్న వయసులో గర్భాశయ కేన్సరుతో మరణించింది.

కేన్సరు వంశంలో రాగలదన్న మాటను వైద్యలోకం చాలాకాలం పట్టించుకోలేదు. 1960లలో నెబ్రాస్కా వైద్యుడు హెన్రీ లించ్ ఇటువంటి కుటుంబాలను వెదకి వెదకి అధ్యయనం చేశాడు. ఈ లోపానికి మూలమైన జన్యువులు 1993 నుంచి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పెద్దప్రేగుకూ గర్భాశయానికీ కేన్సరు ముప్పును పెంచే ఈ లోపాన్ని నేడు లించ్ సిండ్రోమ్ అంటారు. అమెరికాలో సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. శాస్త్రం 98 సంవత్సరాల తరువాత ప్రయోగశాలలో కనుగొన్నదానిని, ఒక సామాన్య స్త్రీ తన బంధువుల మరణాలను లెక్కపెట్టుకుని గ్రహించింది. సముద్రం దాటి వచ్చిన కుటుంబమే అయినా, వారు తమ మృతుల కథను మరువలేదు.

ఇంతకూ కేన్సరు వంశపారంపర్య వ్యాధియేనా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. ప్రతి కేన్సరుకూ మూలం జన్యువులలో కలిగే మార్పులే. అయితే వాటిలో అత్యధిక భాగం జీవితకాలంలో సంక్రమించినవి. పుట్టుకతో వచ్చిన ఒక బలమైన జన్యులోపం వల్ల కలిగే కేన్సర్లు నూటికి 5 నుంచి 10 మాత్రమే. కణవిభజనను అదుపులో ఉంచే జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండేసి ప్రతులుంటాయి. ఇవి ఒకే తలుపుకు బిగించిన రెండు గడియల వంటివి. రెండూ ఊడితేనే తలుపు తెరుచుకుంటుంది. పుట్టుకతోనే ఒక గడియ ఊడినవారికి రెండవది ఊడడమే తరువాయి గనుక వ్యాధి చిన్న వయసులోనే రావచ్చు. పసిపిల్లల కంటి కేన్సరును పరిశీలించి ఆల్ఫ్రెడ్ నూడ్సన్ 1971లో ప్రతిపాదించిన సిద్ధాంత సారమిదే. వారసత్వంగా సంక్రమించేది కేన్సరు కాదు, కేన్సరు ముప్పు.

రొమ్ము కేన్సరుకు సంబంధించిన ఒక జన్యువు 17వ క్రోమోజోము మీద ఉన్నదని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ నిరూపించింది. బీఆర్‌సీఏ1 అన్న ఆ జన్యువు 1994లోనూ, బీఆర్‌సీఏ2 1995లోనూ చేతికి చిక్కాయి. అమెరికా స్త్రీలలో నూటికి సుమారు 13 మందికి జీవితకాలంలో రొమ్ము కేన్సరు వస్తుండగా, ఈ లోపాలున్న స్త్రీలలో ఆ సంఖ్య 60 దాటుతుంది. అండాశయ కేన్సరు ముప్పు కూడా అనేక రెట్లు పెరుగుతుంది. ఈ లోపం తల్లి నుంచే కాక తండ్రి నుంచి కూడా, కొడుకుకైనా కూతురుకైనా సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. కనుక మేనత్తకు వచ్చిన రొమ్ము కేన్సరు మేనకోడలికి సంబంధించిన విషయమే. పిల్ల పుట్టగానే మేనత్త పోలికా, మేనమామ పోలికా అని వెదికే తెలుగువారికి ఈ సూత్రం క్రొత్తదేమీ కాదు. ముక్కు పోలికను మురిసిపోతూ చెప్పుకునేవారు జబ్బు పోలికను దాచడమే విచిత్రం.

అయితే ఇంటింటా కనిపించేదంతా రక్తంలో వచ్చినది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు పల్లెలలో స్త్రీలు చుట్టను, వెలిగించిన కొస నోటిలో ఉంచుకుని పీల్చే అలవాటు ఒకటున్నది. దానినే అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద కేన్సరు పుడుతుందని విశాఖ వైద్యులు ఏనాడో గుర్తించారు. తల్లికీ కూతురికీ అదే జబ్బు వస్తే చూసేవారికి అది వంశదోషంగానే తోస్తుంది. కాని తల్లి నుంచి కూతురికి అందినది జన్యువు కాదు, చుట్ట. అలవాటు కూడా ఆస్తి వలెనే వారసత్వంగా వస్తుంది. జన్యువును మార్చుకోలేకపోయినా, అలవాటును మానుకోవచ్చు.

వలస కూడా ఇదే పాఠం చెబుతుంది. జపాను నుంచి హవాయి, కాలిఫోర్నియాలకు వచ్చినవారి సంతతిలో కడుపు కేన్సరు తగ్గి, పెద్దప్రేగు కేన్సరు పెరిగింది. జన్యువులు అవే, మారినది జీవన విధానం. అమెరికాలోని భారతీయ స్త్రీలలోనూ రొమ్ము కేన్సరు స్వదేశంలో కంటె ఎక్కువ. శాకాహారులకు కేన్సరు రాదనీ, పొగ త్రాగనివారికి భయం లేదనీ అనుకోవడం వట్టి ధీమా. పొగాకు తరువాత స్థూలకాయం, మద్యం, వ్యాయామం లేకపోవడం కూడా లెక్కకు వచ్చేవే. హెపటైటిస్ బి వైరస్ కాలేయానికీ, హెచ్‌పీవీ వైరస్ గర్భాశయ ముఖద్వారానికీ కేన్సరు తేగలవు. రెంటికీ టీకాలున్నాయి.

తెలిసి ఏమి లాభం, మనశ్శాంతి పోవడం తప్ప, అని వాదించేవారున్నారు. ఆ వాదం పూర్తిగా నిరాధారం కాదు. జన్యుపరీక్షలో కొన్నిసార్లు అర్థం నిర్ధారణ కాని మార్పులు బయటపడతాయి. ఇంతకాలం సేకరించిన సమాచారంలో అధికభాగం యూరోపు సంతతివారిది కావడం చేత, భారతీయులలో ఈ చిక్కు మరింత ఎక్కువ. 2008లో అమెరికా చేసిన జీనా చట్టం ఆరోగ్య బీమాలోనూ ఉద్యోగంలోనూ జన్యు వివక్షను నిషేధించినా, జీవిత బీమాకు ఆ రక్షణ వర్తించదు. కనుక పరీక్షకు ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ను సంప్రదించడం వివేకం. వీలైతే వ్యాధి వచ్చినవారికే మొదట పరీక్ష జరగాలి. గుంటూరులోని తల్లి పరీక్ష ఫలితం న్యూజెర్సీలోని కూతురికి దారి చూపగలదు. కాని ఇవన్నీ పరీక్ష విషయంలో జాగ్రత్తలే తప్ప, కుటుంబ చరిత్రను దాచడానికి సాకులు కావు. తండ్రికి 45వ ఏట పెద్దప్రేగు కేన్సరు వచ్చిందని తెలిసిన కొడుకుకు కొలొనోస్కోపీ 35వ ఏటనే మొదలు కావాలి. తెలియని కొడుకు అందరితో పాటు 45 వరకు ఆగుతాడు. ఆ పదేళ్ళ ఎడమే ఒక్కొక్కప్పుడు ప్రాణానికీ మరణానికీ మధ్య ఎడం.

కేన్సరుతో పోరులో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టనులో పసిపిల్లల రక్త కేన్సరును తాత్కాలికంగా లొంగదీసి 1948లో ప్రకటించాడు. కేన్సరుతో మరణించిన భార్య పేరిట ఎన్.టి. రామారావు సంకల్పించిన బసవతారకం ఆసుపత్రి, అమెరికాలోని తెలుగు వైద్యుల సహకారంతో 2000లో హైదరాబాదులో ప్రారంభమయింది. ఆసుపత్రి గోడ మీద బాహాటంగా వ్రాయగలిగిన మాటను ఇంటిలో చెప్పుకోలేకపోవడం తగదు.

గోత్రం, ఇంటిపేరు, ఏడు తరాల పేర్లు వల్లించగల పెద్దలు తెలుగు కుటుంబాలలో ఇంకా ఉన్నారు. వేసవిలో తల్లిదండ్రులు అమెరికా వచ్చినప్పుడో, థాంక్స్‌గివింగ్‌కు బంధువులు ఒకచోట చేరినప్పుడో, ఒక కాగితం ముందుంచుకుని మూడు తరాల వంశవృక్షం వ్రాయించాలి. ప్రతి పేరు ప్రక్కన వచ్చిన వ్యాధి, అది బయటపడిన వయసు, పొగాకు వంటి అలవాట్లు, తల్లివైపా తండ్రివైపా అన్నది చేర్చాలి. దాని ప్రతిని ఎదిగిన పిల్లలందరికీ, కొడుకులకు కూడా, ఇవ్వాలి. పెద్దలు ఒకరొకరుగా వెళ్ళిపోతున్న కొద్దీ ఆ సమాచారం వారితోనే వెళ్ళిపోతున్నది. నగలూ పొలాలూ పంచిచ్చే ముందు, ఈ ఒక్క కాగితం పంచిచ్చిన ఇల్లు తన పిల్లలకు నిజమైన మేలు చేసినట్లే.