దత్తతకు కుక్క ఎంపిక: ముఖం చూసి కాదు, నడవడి చూసి

వీధి కుక్కల వ్యవహారంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న వెలువరించిన ఉత్తర్వులలో, గర్భనిరోధక శస్త్రచికిత్స, టీకాల అనంతరం కుక్కలను పట్టుకున్న చోటనే విడిచిపెట్టాలన్న ఆదేశంపైనే దేశమంతటా చర్చ జరిగింది. అంతగా చర్చకు రాని అంశం మరొకటి అందులో ఉంది. జంతు ప్రేమికులు స్థానిక పురపాలక సంస్థకు దరఖాస్తు చేసి వీధి కుక్కలను దత్తత తీసుకోవచ్చు. అయితే ఆ కుక్క తిరిగి వీధి పాలు కాకుండా చూడవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. అందువల్ల ఏ కుక్కను, దేన్ని బట్టి ఎంచుకుంటున్నామన్నది ఇక కేవలం వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయం కాదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కల సంఖ్య కోటీ 53 లక్షలు. 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాటు ఘటనలు నమోదయ్యాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు కుక్కల దాడిలో మరణించిన విషాదాన్ని తెలుగువారు మరచిపోలేదు. ఈ భయం నీడలోనే దత్తత పిలుపులు వినిపిస్తున్నాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ మహానగరపాలక సంస్థ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత కార్యక్రమాన్ని నిర్వహించింది.

మరి, మనుషులు దేనిని చూసి ఎంచుకుంటారు? పాశ్చాత్య దేశాల ఆశ్రయాలలో జరిగిన పరిశీలనలు ఆసక్తికరమైన విషయాలను వెల్లడించాయి. రూపురేఖలు, మనుషులతో మెలిగే తీరు ప్రధాన కారణాలని దత్తత తీసుకున్నవారే చెప్పారు. కనుబొమల లోపలి కొసలను తరచుగా పైకెత్తి దీనంగా చూసే కుక్కలకు త్వరగా ఇల్లు దొరికినట్లు బ్రిటన్‌లో 2013లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆటకు పిలిస్తే స్పందించి, మనిషి పక్కనే పడుకునే కుక్కలకు ఆదరణ లభిస్తుందని అమెరికాలో 2014 నాటి పరిశోధన తేల్చింది. ‘పిట్ బుల్’ అని పేరు పెట్టిన కుక్కలు, అదే రూపంలో ఉండి ఆ పేరు లేని కుక్కల కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ కాలం ఎదురుచూడవలసి వచ్చిందని 2016 నాటి అధ్యయనం పేర్కొంది. కుక్క అదే, మారింది పేరు మాత్రమే.

మన సమాజంలో ఆ పేరు ‘ఊరకుక్క’. జాతి కుక్కకు వేల రూపాయలు చెల్లించే ఇల్లు, ఇక్కడి ఎండకు, వానకు అలవాటుపడిన నాటు కుక్కను గుమ్మం దాటనీయదు. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధాని నరేంద్ర మోదీ ముధోల్, రాజపాళయం వంటి దేశీయ జాతులను పెంచుకోవాలని కోరారు. పేరున్న జాతులకు లభించిన ఆ గౌరవం, ఏ పేరూ లేని వీధి కుక్కకు ఇంకా అందలేదు. కాలభైరవుని వాహనంగా కుక్కకు మొక్కే చోటనే నల్ల కుక్క ఇంటికి అరిష్టమని సందేహించేవారున్నారు. ఆడపిల్ల అయితే ఈనుతుందని వద్దనేవారూ ఉన్నారు. శస్త్రచికిత్సతో ఆ చింత తీరుతుంది.

అందరూ కోరేది బుజ్జి కుక్కపిల్లనే. అయితే దానికి టీకాలు, శిక్షణ, రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, స్వభావం స్థిరపడిన పెద్ద కుక్కే మేలు కావచ్చు. దాని చెవికి గాటు ఉంటే శస్త్రచికిత్స జరిగినట్లు గుర్తు. ముద్దుగా ఉందని తెచ్చి, ఆరు నెలల తరువాత అరుస్తోందని వదిలివేస్తే, మనిషి చేతి కూడుకు అలవాటుపడిన ఆ ప్రాణి వీధిలో మనుగడ సాగించడం కష్టం. సమస్య తగ్గకపోగా మరొకటి చేరుతుంది.

దత్తత ఒక్కటే కోటిన్నర కుక్కలకు పరిష్కారం కాదు. శస్త్రచికిత్స, రేబిస్ టీకాలు, చెత్త నిర్వహణ పురపాలక సంస్థల ప్రాథమిక విధులుగానే కొనసాగాలి. దత్తత శిబిరాలు కూడా తమ తీరును కొంత మార్చుకోవాలి. కుటుంబమంతా ఒకటి రెండుసార్లు వచ్చి ఆ కుక్కతో కొంతసేపు నడిచే వీలు కల్పించాలి. రంగు, జాతి కంటే ముందు దాని స్వభావాన్ని, పిల్లలతో మెలిగే తీరును వివరించాలి. తీసుకునేవారు సైతం ఎంత అందంగా ఉందన్నదాని కంటే, పదేళ్లకు పైగా దానికి మన ఇంట్లో చోటు, సమయం ఉంటాయా అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు నిజాయతీగా సమాధానం చెప్పుకున్న ఇంటి నుంచి కుక్క తిరిగి వీధికి రాదు.