మన ఫ్లెక్సీల తేదీ ఎక్కడుందో ఎవరన్న చెప్పుండ్రి

అన్నలు, అక్కలు, పోస్టు పెద్దగున్నది. కోపం వచ్చినా ఆఖరిదాకా చదవండ్రి.

హాస్టల్‌ల వారానికి ఒక పూట బొమ్మల క్లాసు పెట్టాలె అని మొన్న రాసిన. డ్రాయింగ్ చిన్నపిల్లల పని, గ్రూప్స్‌కు చదువుకోండ్రి అని ఒక అన్న కామెంట్ పెట్టిండు. ఆ అన్నకే ఈ జవాబు.

పోయినేడు స్కాలర్‌షిప్ రెన్యువల్ పోస్టర్ చేసింది నేనే. ఫోన్‌ల టెంప్లేట్ తీసుకొని, ఏడు రంగులు, పైన కుమ్రం భీం, పక్కకు గుస్సాడీ టోపీ, కింద నాయకుల ఫొటోలు 11. ఆఖరి తేదీ ఆ ఫొటోల కింద, పసుపు మీద తెల్ల అక్షరాలతోని. లైకులు మస్తు వచ్చినయి. మా ఊరి తమ్ముడు రోజూ దాని ముంగటికెళ్లే మెస్సుకు పోయిండు. తేదీ దాటినంక వచ్చి "అన్నా, లాస్ట్ ఎప్పుడు?" అన్నడు. కండ్లు లేవారా అని తిట్టిన. వాళ్ల నాయన పత్తి పైసలల్లకెళ్లి ఫీజు కట్టిండు. తప్పు వానిది కాదు, నాది.

ఆ తర్వాత ఆరుగురం ఫోన్లు పక్కకు పెట్టి కూసున్నం. చార్టు, పొయ్యి బొగ్గు, పసుపు, కత్తెర, గంజి. పసుపు పూసిన కాగితంతోని అక్షరాలు కోసి తెల్ల చార్టు మీద పెడితే పది అడుగులకే మాయం. అవే అక్షరాలు బొగ్గు రుద్దిన చార్టు మీద పెడితే మెస్సు తలుపు కాడికి కనబడ్డయి. కాంట్రాస్ట్ అంటే ఇదే. స్లయిడ్ల మీద మూడుసార్లు చూసినా ఎక్కని ముచ్చట, చేతికి మసి అంటినంక ఎక్కింది. తేదీ ఒక్కదాన్నే నడుమ పెట్టి చుట్టూ ఖాళీ ఇడిచినం. "అంత జాగ వేస్టు, ఒక ఫొటో పట్టు కదా" అన్నరు. ఆ ఖాళీయే తేదీని చూపెడుతున్నదని వాళ్లను తలుపు కాడ నిలబెట్టి చూపెట్టాల్సి వచ్చింది.

1919ల జర్మనీల మొదలైన బౌహౌస్ బడిల గూడ పిల్లలకు మొదటి ఆర్నెల్లు కాగితం, కట్టె, రంగు చేతికిచ్చే నేర్పిండ్రు. అంత దూరమెందుకు, ఉషేగావ్ ఓజాల కాడికి పోండ్రి. మట్టి బొమ్మ చేసి, దాని మీద మైనం పోగులు వరుసగ చుడతరు. పోగు వంకర పోతే ఇత్తడిల గూడ వంకరే. పైన మళ్ల మట్టి మెత్తి కాలుస్తరు, మైనం కరిగి పోయిన జాగల ఇత్తడి నిండుతది. అంటే ఖాళీని ముందుగాల ఆలోచించినోడే బొమ్మ పోయగలడు. గీత, సందు, వరుస, అన్నీ ఆ వేళ్లల్లనే ఉన్నయి. 2018ల ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు ఇచ్చిండ్రు. మరి ఆ చేతులను సార్ అని క్లాసుకు ఎందుకు పిలుస్తలేరు?

పిలవరు. ఒక హాస్టల్ గోడ మీద ఆదివాసీ కళ అని రాసి వార్లీ బొమ్మలు వేయించిండ్రు. వార్లీలు మహారాష్ట్రల మన తోటి ఆదివాసీలే, వాళ్ల బొమ్మలంటే నాకు గౌరవమే. మరి మన గోడ మీద మనమేవి? వేసింది పట్నం పెయింటర్, మాకిచ్చిన పని నిచ్చెన పట్టుకునుడు.

ఇంకొకటి అన్నా. మన నార్నూర్ మండలం గుంజాల లిపి 2018ల యూనికోడ్‌కు ఎక్కింది. ఆ అక్షరాన్ని గోడంత పెద్దగ రాస్తే ఎక్కడ మందం ఉండాలె, ఎక్కడ సన్నం ఉండాలె? ఫ్లెక్సీ షాపోనికి తెలుస్తదా? మనమే చేత్తోని వందసార్లు రాసి తేల్చుకోవాలె. ఇది చిన్నపిల్లల పనైతే మీరు ఒక్కటి రాసి పెట్టుండ్రి, చూస్తం.

గ్రూప్స్ గూడ చదువుతం, భయపడకుండ్రి. యూనియన్ అన్నలకు ఒకటే మాట: వచ్చే ఆగస్టు 9కి ఫ్లెక్సీ ఆర్డర్ ఇచ్చేముందు ఆ పైసలు మాకియ్యండ్రి. ఓజా పెద్దమనిషికి రోజు కూలి, బస్సు కిరాయి, మిగిలినదానికి కాగితం. మీ ఫొటోలు ఉండవు. తేదీ మాత్రం పోయే బస్సులకెళ్లి గూడ కనబడతది.