హంటర్‌ను తీసిపారేయకండి

సంపాదకులకు,

హంటర్ 350 అసలైన ఎన్‌ఫీల్డే కాదని తేల్చేసిన మీ వ్యాసం చదివాను. ఇంజిన్ సంగతి మరిచారా? క్లాసిక్, మీటియర్‌లలో ఉన్న 349 సీసీదే ఇందులోనూ ఉంది. క్లాసిక్ బరువు 195 కిలోలు, హంటర్ మెట్రో రకానిది 181. ముందు చక్రం 19 అంగుళాల నుంచి 17కు దిగింది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండిని సందు చూసి తిప్పుకోవాల్సిన కుర్రాడికి ఆ తేడా చేతుల్లోనే తెలుస్తుంది. ‘డుగ్‌డుగ్’ చప్పుడు తగ్గిందన్న బెంగ మా తరానిది (నాకూ ఉంది లెండి), ఆ కుర్రాళ్లది కాదు.

వ్యాసం పట్టుకోవలసింది వేరే ఉంది. 2022లో లక్షన్నర లోపు ఎక్స్ షోరూమ్ ధరతో ఊరించిన రెట్రో రకానికి వెనక డ్రమ్ బ్రేకు, సింగిల్ ఛానల్ ఏబీఎస్‌తో సరిపెట్టారు. రెండు చక్రాలకూ ఏబీఎస్ కావాలంటే అప్పుడు ఎక్కువ పెట్టి మెట్రో కొనాల్సి వచ్చింది. కొత్తగా బండెక్కే పిల్లలకు అమ్ముతూ బ్రేకుల దగ్గరా పొదుపు?

– ఓ పాఠకుడు, హైదరాబాద్